పన్నులు తగ్గితే శ్రీకాకుళం, విజయనగరం బాగుపడతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

టీ కొట్టు దగ్గర, పెళ్లి భోజనాల్లో, ఎన్నికలొస్తే మరీ ఎక్కువగా వినపడే ప్రశ్నలివి. నాది ఏ పార్టీ కాదు గానీ అభిప్రాయం మాత్రం ఉంది. ప్రభుత్వం తక్కువ పనులు నెత్తిన పెట్టుకుని వాటిని సరిగ్గా చెయ్యాలి, పన్ను ఎంతైనా సరే అది ముందే తెలిసి ఉండాలి, మధ్యలో మారకూడదు. ఈ పక్షపాతంతోనే రాస్తున్నాను, చదివేవాళ్లు ఆ మేరకు తీసివేత వేసుకోవచ్చు.

అసలు ఈ 'తక్కువ పన్నులు, చిన్న ప్రభుత్వం' వాదన ఏమిటండీ?

ప్రభుత్వం తీసుకునే ప్రతి రూపాయీ ఎవరో ఒకరి జేబులోంచి వచ్చేదే. అది వాళ్ల దగ్గరే ఉంటే ఇంకో కుట్టుమిషను కొంటారు, కొట్టు పెంచుతారు, ఇంకొకరిని పనిలో పెట్టుకుంటారు. పన్ను ఎక్కువైతే ఆ పని మానేస్తారు, లేదంటే పన్ను తక్కువున్న చోటుకి పోతారు, లేదంటే బిల్లు లేకుండా అమ్ముతారు. పన్ను మరీ పెంచితే వసూలు పెరగకపోగా తగ్గుతుందని ఆర్థర్ లాఫర్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లలో ఒక గీత గీసి చూపించాడు, దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. వాదనలో సగం ఇది. రెండో సగం, ప్రభుత్వం పోలీసు, కోర్టు, రోడ్డు, నీరు లాంటివి చూసుకుని మిగతా వ్యాపారాల్లోంచి తప్పుకోవాలని.

వినడానికి సాఫీగానే ఉంటుంది. ఏ పన్ను తగ్గించాలి, దానికి బదులు ఏ ఖర్చు ఆపాలి అని అడిగినప్పుడే గొంతులు తగ్గుతాయి.

మన రాష్ట్రం చేతిలో ఉన్న పన్నులేవి? అన్నీ ఢిల్లీవే కదా?

అన్నీ కాదు గానీ, పెద్దవి చాలావరకు అవే. ఇన్‌కమ్ టాక్స్ కేంద్రానిది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాక వస్తువుల మీద పన్ను రేటు కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే కౌన్సిల్‌లో తేలుతుంది, అమరావతి ఒక్కటే దాన్ని మార్చడం కుదరదు. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసి ప్రధానంగా 5, 18 చేసినప్పుడు కూడా అది దేశమంతటికీ ఒకేసారి జరిగింది.

రాష్ట్రం సొంతంగా పెంచడానికో తగ్గించడానికో మిగిలినవి పెట్రోలు, డీజిలు మీద వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకం పన్ను), మద్యం మీద పన్ను, రిజిస్ట్రేషన్ చార్జీలు, బండి లైఫ్ టాక్స్, కరెంటు సుంకం, వృత్తి పన్ను. వృత్తి పన్నుకి రాజ్యాంగమే ఏడాదికి 2,500 రూపాయల పరిమితి పెట్టింది. ఇంటి పన్ను పంచాయతీకీ మున్సిపాలిటీకీ పోతుంది. ఇవి కాకుండా కేంద్రం పంచేది ఉంటుంది. 2026 మార్చి దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం లెక్కలో పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు, అందులో మన వాటా 4.047 శాతం. అంతకుముందు 14వ సంఘం 4.305 ఇచ్చింది. పాయింటు మూడో స్థానంలో తేడా వచ్చినా కోట్లలో తేడా వస్తుంది, అది వేరే ఏడుపు.

అందుకే 'మన రాష్ట్రాన్ని తక్కువ పన్నుల రాష్ట్రం చేస్తాం' అని ఎవరైనా మైకు పట్టుకుని అంటే, ఈ జాబితాలో ఏది తగ్గిస్తారో చెప్పమనండి. ఇంకేదీ ఆయన చేతిలో లేదు.

నేను ఇన్‌కమ్ టాక్స్ కట్టను. నాకేంటి సంబంధం?

మీరు బండిలో లీటరు పెట్రోలు పోయిస్తే 30 రూపాయల దగ్గర రాష్ట్రానికి కట్టినట్టే. కేంద్రం ఎక్సైజు అదనం. కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా ఇన్‌కమ్ టాక్స్ పడకుండా 2025-26 నుంచి రిబేటు ఇచ్చారు గదా, కాబట్టి నెలకి 60 వేలు తెచ్చుకునే ఉద్యోగి ఇన్‌కమ్ టాక్స్ కట్టకపోవచ్చు. మరి ఉపాధి పనికి వెళ్లే మనిషి? సబ్బుకీ, సెల్లు రీఛార్జికీ, సాయంత్రం క్వార్టరుకీ కడుతూనే ఉన్నాడు. సంపాదనలో వాటాగా చూస్తే పేదవాడే ఎక్కువ ఇస్తున్నాడనిపిస్తుంది నాకు. బిల్లులో కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఎవరూ గోల చెయ్యరు.

ఇచ్ఛాపురం వాళ్లు ఒడిశా వెళ్లి పెట్రోలు ఎందుకు కొట్టించుకుంటారు?

లీటరుకు ఏడెనిమిది రూపాయలు తేడా కాబట్టి. పన్నుల గురించి పుస్తకాలు చదవక్కర్లేదు, జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని గిరిసోల వైపు ఒకసారి పోయి రండి. మన దగ్గర పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఆపైన రోడ్ల సెస్సు ఒక రూపాయి. డీజిలుకు 22.25 శాతం, మళ్లీ ఆ 4, ఆ ఒకటి. ఒడిశాలో పెట్రోలుకు 28, డీజిలుకు 24. డీజిలు మీద శాతం చూస్తే వాళ్లదే ఎక్కువ, కానీ మన 4 ప్లస్ 1 కలిసేసరికి మనదే ఖరీదు. శాతాలు మాత్రమే చూసి మాట్లాడేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

లారీ డ్రైవరుకు ఈ లెక్క నోటికొచ్చు. 300 లీటర్ల ట్యాంకుకి డీజిలు లీటరుకు 4 రూపాయలు మిగిలితే 1,200. అందుకే విశాఖ నుంచి ఖాళీ ట్యాంకుతో లాక్కొచ్చి హద్దు దాటాకే నింపుతాడు. పాతపట్నం వాళ్లకి పర్లాకిమిడి పక్కనే, వాళ్లదీ అదే దారి. ఇక మన వైపు బంకు యజమానికి బేరం పోయింది, మన ఖజానాకి ఆ లీటరు మీద రావాల్సిన మొత్తం పన్నూ పోయింది. లాఫర్ గీత ఇదే, మనూరి భాషలో.

అయితే మనం కూడా తగ్గించేస్తే సరిపోతుంది కదా?

హద్దులో ఉన్న మండలాల్లో అమ్మకాలు పెరుగుతాయి, అందులో సందేహం లేదు. కానీ కర్నూలులో, ఏలూరులో బండి ఉన్నవాడు పెట్రోలు కోసం ఒడిశా పోడు కదా, అక్కడ తగ్గించిన ప్రతి రూపాయీ ఖజానాకి నికరంగా తగ్గినట్టే. హద్దులో వచ్చిన లాభం రాష్ట్రమంతటా పోయినదాన్ని పూడ్చదు. ఒడిశా ఎలా నెట్టుకొస్తోందంటే, వాళ్లకి ఇనుము, క్రోమైటు, బొగ్గు గనులున్నాయి, ఏటా పదుల వేల కోట్లు గనుల నుంచే వస్తాయి. అంత ఆదాయం భూమిలోంచి వస్తుంటే పెట్రోలు మీద కాస్త ఉదారంగా ఉండొచ్చు.

నా మటుకు నేను ముందు ఆ 4 రూపాయల అదనపు వ్యాట్ తీసేయమంటాను. ఒకేసారి కాదు, ఏటా ఒక రూపాయి చొప్పున, ముందే ప్రకటించి.

అమెరికాలో టెక్సాస్‌కి రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు, అందుకే కంపెనీలు అక్కడికి పోతున్నాయట. నిజమేనా?

ఇన్‌కమ్ టాక్స్ లేని మాట నిజం. ఫ్లోరిడాకీ లేదు. టెక్సాస్ అయితే 2019లో రాజ్యాంగ సవరణ చేసి మరీ తలుపు మూసేసింది. కాలిఫోర్నియాలో పై మెట్టు మీద 13.3 శాతం దాకా ఉంది, జనం అక్కణ్ణుంచి టెక్సాస్ వెళ్తున్న మాటా నిజమే, డల్లాస్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

కానీ డల్లాస్‌లో ఇల్లున్న మీ బావనో తమ్ముణ్నో ఇంటి పన్ను ఎంతో అడగండి. నోరు తెరుస్తారు. ఒక చోట తీసుకోనిది ఇంకో చోట తీసుకుంటారు. పైగా టెక్సాస్‌కి చమురుంది, ఇళ్లు కట్టుకోవడానికి భూమి ఉంది, అనుమతులు త్వరగా వస్తాయి. ఇళ్లు చవగ్గా దొరకడమే మనుషుల్ని ఎక్కువ లాగిందని నేననుకుంటాను. అంత పన్ను వేసే కాలిఫోర్నియా ఇప్పటికీ ఆ దేశంలో అన్నిటికన్నా పెద్ద ఆర్థిక వ్యవస్థ ఉన్న రాష్ట్రం, ఇది కూడా పక్కన రాసుకోండి.

మరి పన్ను తగ్గించి దెబ్బతిన్న రాష్ట్రం ఏదైనా ఉందా?

కేన్సస్. 2012లో అక్కడి గవర్నరు సామ్ బ్రౌన్‌బ్యాక్ ఇన్‌కమ్ టాక్స్ పై రేటు 6.45 నుంచి 4.9 శాతానికి దించాడు, కొన్ని రకాల చిన్న వ్యాపారాల లాభాలకి పూర్తిగా మినహాయింపు ఇచ్చాడు. అనుకున్నంత వృద్ధి రాలేదు, ఖజానాకి గండి పడింది, బడులకీ రోడ్లకీ కటకట. జీతం తీసుకునేవాళ్లు కొందరు తమ ఆదాయాన్ని 'వ్యాపారం'గా చూపించుకున్నారు, ఇందులో ఆశ్చర్యం లేదు. 2017లో ఆయన పార్టీవాళ్లే ఎక్కువున్న శాసనసభ, ఆయన వీటోని తోసిరాజని, దాన్ని వెనక్కి తిప్పింది.

అదే కాలంలో నార్త్ కరోలినా కంపెనీల పన్నుని 6.9 నుంచి మెట్లు మెట్లుగా 2019కి 2.5కి దించింది, మినహాయింపులు కొన్ని తీసేసింది, ఖర్చుని కూడా అదుపులో పెట్టుకుంది. అక్కడ కేన్సస్ లాంటి గోల లేదు. ఇద్దరూ తగ్గించినవాళ్లే. ఒకరు లెక్క వేసుకుని దిగారు, ఇంకొకరు వృద్ధి వచ్చి అప్పు తీరుస్తుందని ముందే ఖర్చు పెట్టేశారు.

మన దేశంలో తగ్గిస్తే వసూలు పెరిగిన సందర్భం ఉందా?

ఉంది. 1973-74లో ఇన్‌కమ్ టాక్స్ పై మెట్టు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. వందలో రెండు రూపాయల పావలా మిగిలేది. అంత కట్టిందెవరు? నల్లడబ్బు అనే మాట ప్రతి సినిమా డైలాగులోకీ వచ్చింది ఆ రోజుల్లోనే. తర్వాత తగ్గిస్తూ వచ్చారు, 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి అయ్యాక లైసెన్సులు కూడా తీశారు, 1997లో చిదంబరం 10, 20, 30 శాతం మెట్లు పెట్టారు. కట్టేవాళ్ల సంఖ్య పెరిగింది, దీర్ఘకాలంలో వసూళ్లూ పెరిగాయి. లైసెన్సు తీసెయ్యడమే పన్ను తగ్గింపు కన్నా ఎక్కువ మేలు చేసిందని నా లెక్క.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22కి, కొత్త ఫ్యాక్టరీలకి 15కి దించారు. దాంతో ప్రైవేటు పెట్టుబడి వెంటనే ఉరకలెత్తిందని మాత్రం చెప్పలేం, మధ్యలో కరోనా వచ్చి పడింది కూడా. 97ని 50 చేయడం వేరు, 30ని 22 చేయడం వేరు.

మనవి వెనుకబడిన జిల్లాలని 2014 తర్వాత పన్ను రాయితీలు ఇచ్చారు కదా, ఏమయ్యాయి?

ఇచ్చారు. విభజన చట్టం మాట ప్రకారం రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు కలిపి ఏడు జిల్లాలు. ఏడాదికి జిల్లాకి 50 కోట్ల సాయం ఒకటి, అది కూడా కొన్నేళ్లు వచ్చి ఆగి పెద్ద రాజకీయ గొడవైంది. దాంతోపాటు ఇక్కడ కొత్త ఫ్యాక్టరీ పెడితే యంత్రాల మీద 15 శాతం అదనపు తరుగుదల, ఇంకో 15 శాతం పెట్టుబడి అలవెన్సు, 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి లోపు పెట్టినవాళ్లకి. ఈ రెండూ పన్ను లెక్కలో లాభంలోంచి తీసేసుకునేవి.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ రాయితీ లాభం వచ్చినవాడికే పనికొస్తుంది. లాభం మీద పన్ను తగ్గిస్తానంటే, లాభం వస్తుందో రాదో తెలియని చోటికి ఎవరొస్తారు? పోర్టు లేదు, విమానాశ్రయం లేదు, చదువుకున్న కుర్రాళ్లు హైదరాబాదు పోయారు. పైడిభీమవరంలో మందుల కంపెనీలు ఈ రాయితీ కన్నా చాలా ముందే వచ్చాయి, విశాఖ దగ్గర, హైవే పక్కన, నీరు దొరుకుతుంది కాబట్టి. భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు పూర్తిగా నడిచాక ఈ జిల్లాల ముఖం మారొచ్చు. ఆ పోర్టూ ఎయిర్‌పోర్టూ ప్రభుత్వం భూమి సేకరించి, పూచీ పడి, ఏళ్ల తరబడి నెట్టుకొస్తేనే ఈ మాత్రం వచ్చాయి. చిన్న ప్రభుత్వం వాదించే మిత్రులు ఈ భాగం దాటేస్తుంటారు.

హిమాచల్, ఉత్తరాఖండ్‌కి ఇచ్చినట్టు ఇస్తే?

2003లో వాళ్లకి ఇచ్చింది పదేళ్ల ఎక్సైజు మినహాయింపు. బద్ది, హరిద్వార్, రుద్రపూర్ ఒక్కసారిగా నిండిపోయాయి, మన వైపు మందుల కంపెనీలు కూడా అక్కడికి పరిగెత్తాయి. కాబట్టి పన్నుకి పవర్ లేదనడం తప్పు, ఉంది. కానీ అందులో చాలా భాగం ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీ అటు జరగడమే. దేశానికి కొత్తగా ఒరిగింది తక్కువ. పైగా ఎక్సైజు అనే పన్నే జీఎస్టీలో కలిసిపోయింది, ఇప్పుడు అచ్చంగా ఆ రాయితీ ఇవ్వడం కుదరదు.

బొబ్బిలి, గరివిడి ఫెర్రో ఫ్యాక్టరీలు ఎందుకు మూతపడుతూ తెరుచుకుంటూ ఉంటాయి?

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఎవరూ సరిగ్గా అడగరు.

ఫెర్రో పరిశ్రమలో, అంటే ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు తయారుచేసే చోట, కరెంటే ముడిసరుకు అనుకోవాలి. కొలిమిలో ఖనిజం, కోకు పోసి కరెంటుతో కరిగిస్తారు, ఒక టన్ను సిలికో మాంగనీసు దిగాలంటే సుమారు 4 వేల యూనిట్లు కాలుతుంది. 2022లో పరిశ్రమలకీ వాణిజ్య కనెక్షన్లకీ కరెంటు సుంకాన్ని యూనిట్‌కి 6 పైసల నుంచి ఒక రూపాయికి పెంచారు. ఇంట్లో బిల్లులో కింద 'ఎలక్ట్రిసిటీ డ్యూటీ' అని ఒక చిన్న గీత ఉంటుంది చూడండి, ఫ్యాక్టరీ బిల్లులో అదే గీత. 94 పైసలు ఇంటూ 4 వేలు, టన్నుకి 3,760 రూపాయలు. ఉక్కు మార్కెట్ బాగున్నప్పుడు భరిస్తాడు, ధర పడ్డ నెల ఒక కొలిమి ఆపేస్తాడు, ఇంకా పడితే రెండోది. కొలిమి ఆగిందంటే కాంట్రాక్టు కూలీకి మర్నాటి నుంచి పని లేదు. గేటు బయట టిఫిన్ బండికి బేరం లేదు. లారీ యజమానికి కిస్తీ టెన్షన్.

ఆ సుంకంతో పాటు ఇంధన సర్దుబాటు చార్జీ, ట్రూ అప్ అని ఎప్పుడో కాలిన కరెంటుకి ఇప్పుడు వసూలు చేస్తారు. అప్పుడు అమ్మిన సరుకుకి ఇప్పుడు రేటు పెంచి తీసుకోలేడు కదా యజమాని. పోటీ మాత్రం ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాళ్లతో. ఆ తర్వాత పరిశ్రమల వాళ్లు రాజధానికి తిరిగి రాయితీ అడుక్కోవాలి.

సుంకం రూపాయా, ముప్పావలానా అన్నదాని కన్నా నన్ను బాధించేది అది ఒక్క ఉత్తర్వుతో పదహారు రెట్లు దాటి పెరగగలగడం. పదేళ్ల అప్పు మీద కొలిమి పెట్టినవాడు ఇలాంటిదాన్ని ఏ లెక్కలో వేసుకుంటాడు? బ్యాంకుకి ఇచ్చిన రిపోర్టులో 6 పైసలే రాసుకుని ఉంటాడు.

మరి విశాఖలో పెద్ద ఐటీ కంపెనీకి 99 పైసలకే భూమి ఇచ్చారు కదా, అది తక్కువ పన్ను విధానమే కదా?

కాదండీ. 2025లో టీసీఎస్‌కి 21 ఎకరాల పైచిలుకు భూమి 99 పైసల నామమాత్రపు ధరకి ఇచ్చారు. ఉద్యోగాలు వస్తే మంచిదే, విశాఖకి ఒక పెద్ద పేరు వస్తే దాని వెనక ఇంకొందరు వస్తారన్న వాదనలోనూ బలముంది. కానీ ప్రభుత్వం ఎవరికి ఇవ్వాలో కూర్చుని ఎంచుకోవడం అది, చిన్న ప్రభుత్వం చేసే పని కాదు. తక్కువ పన్ను అంటే అందరికీ తక్కువ, అడక్కుండానే. ఇక్కడ పెద్దవాడికి 99 పైసలకి స్థలం, బొబ్బిలిలో ఉన్నవాడికి 2022లో యూనిట్‌కి రూపాయి సుంకం. తమాషా ఏమిటంటే రెండో వాడు కూడా ఒకప్పుడు రాయితీలు చూపించి పిలిచినవాడే, ఆ రాయితీ బకాయిల కోసం తిరిగిన చిన్న పరిశ్రమలు మన జిల్లాల్లో కావలసినన్ని.

ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్‌లో, అంటే వ్యాపారం పెట్టడం ఎంత సులువో చూసి రాష్ట్రాలకిచ్చే ర్యాంకులో, మనం ఫస్టు వచ్చాం కదా?

వచ్చాం. 2016లో తెలంగాణతో కలిసి, తర్వాత 2017-18కీ, 2019కీ. ఫైలు ఆన్‌లైన్ అయింది, ఒకే కిటికీ వచ్చింది. అయినా రణస్థలంలో రోడ్డు పక్క ఎకరా కొని షెడ్డు వేయాలంటే భూమి రికార్డులో పేరు, విస్తీర్ణం సరిచూసుకోవడానికే చెప్పులరుగుతాయి. ర్యాంకు కిటికీకి ఇచ్చారు, దాని వెనక ఉన్న గదికి కాదు.

పలాస జీడికి జీఎస్టీ దెబ్బ ఏమిటి?

రేటు 5 శాతమే. చికాకు పద్ధతిలో ఉంది. రైతు దగ్గర పిక్కలు నేరుగా కొంటే ఆ పన్ను రైతు కట్టడు, కొన్న వ్యాపారే తిరగేసి కట్టాలి. 80 కిలోల బస్తా 12 వేలు అనుకోండి, 600 రూపాయలు ముందే కట్టి, గుండ్లు అమ్మినప్పుడు వచ్చే పన్నులో సర్దుకోవాలి. సీజన్లో వందల బస్తాలు కొని నెలల తరబడి నిల్వ పెట్టి కాల్చి, వలిచి, గ్రేడు చేసి అమ్మేవాడికి ఆ డబ్బు అంతకాలం ఇరుక్కుపోతుంది. పెద్ద వ్యాపారికి ఫర్వాలేదు, కాశీబుగ్గ సందులో చిన్న బట్టీ నడిపేవాడు వడ్డీకి తెస్తాడు. పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతపు రైతు బస్తాకి 16 వేలు కావాలని అడుగుతున్నాడంటే, ఆ మధ్యలో కరిగిపోయే వాటిలో ఇదొకటి. ధర పడటానికి ముఖ్య కారణం మాత్రం ఆఫ్రికా నుంచి దిగుమతి అయ్యే పిక్కలే, దానికి జీఎస్టీని తిట్టి లాభం లేదు.

జీఎస్టీతో ఒక మేలు మాత్రం కళ్లారా కనపడుతుంది. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర అమ్మకం పన్ను కాగితాల కోసం ఆగిన లారీల వరస ఇప్పుడు లేదు.

చిన్న ప్రభుత్వం అంటే పింఛను ఆపేయమనా?

నేనైతే అనను. రాష్ట్రంలో 60 లక్షల మందికి పైగా పింఛను అందుకుంటున్నారు, వృద్ధులకి, వితంతువులకి నెలకి 4 వేలు. పిల్లలు చెన్నైలోనో గుజరాత్‌లోనో పనికి పోయిన ఊళ్లలో ఆ 4 వేలే ముసలమ్మకి మందులు, ఉప్పు పప్పు. ఆ డబ్బు ఒకటో తారీఖున ఊరి కిరాణా కొట్లోనే దిగుతుంది. నేరుగా మనిషి చేతికి వెళ్లే డబ్బులో ప్రభుత్వం పెత్తనం తక్కువ, నిజానికి చిన్న ప్రభుత్వం వాదులకి ఇది నచ్చాలి.

నాకు నచ్చనిది ఎవరికి అవసరమో చూడకుండా ప్రతి ఎన్నికకీ ఒక కొత్త పథకం కలపడం. కలిపినదాన్ని తీసేసే ధైర్యం ఎవరికీ లేదు. అప్పు తెచ్చి ఇచ్చేది రేపటి పన్నే, ఎవరూ ఆ పేరుతో పిలవరు గానీ.

ఉద్దానం నీళ్లు ప్రైవేటు వాళ్లు తెచ్చేవారా?

తెచ్చేవారు కాదు. ఏళ్ల తరబడి క్యాన్లు అమ్మారు. కొన్నవాళ్లు కొన్నారు, కొనలేనివాళ్లు బోరు నీళ్లే తాగారు. ఉద్దానంలో ఎంతోమందిని పట్టుకున్న కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు, అయినా శుభ్రమైన నీరు ఇవ్వడానికి అది తేలేదాకా ఆగక్కర్లేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానం దాకా తెచ్చే 700 కోట్ల పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. లాభం రాని చోట, అందరికీ ఒకేసారి ఇవ్వాల్సిన చోట ప్రభుత్వమే రావాలి. 'ప్రభుత్వానికి ఏ పనీ చేతకాదు' అనేవాళ్లని నేను ఉద్దానంలోని కవిటి తీసుకెళ్తాను.

గ్రామ, వార్డు సచివాలయాలు వృథా ఖర్చా?

2019 అక్టోబరు 2న మొదలయ్యాయి, దాదాపు 15 వేల సచివాలయాలు, లక్షా 34 వేల దాకా పోస్టులు. మన ఊళ్లలో ఎంతోమంది చదువుకున్న అమ్మాయిలకి సొంత మండలంలో ఉద్యోగం వచ్చింది, అది కాదనలేం. ఆదాయ ధ్రువపత్రం కోసం మండలాఫీసు చుట్టూ తిరగడం తగ్గింది. కానీ 2025 జనవరిలో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టాక, ఒక్కో సచివాలయంలో అంతమంది ఏం చేస్తున్నారని అడగడం తప్పు కాదు. ఉన్నవాళ్లని తీసేయమనను. ఖాళీ అయిన పోస్టుని నింపే ముందు ఆలోచించమంటాను.

మద్యం షాపులు ప్రభుత్వం నడపాలా, ప్రైవేటా?

ప్రైవేటే. 2019 నుంచి ప్రభుత్వం నడిపి చూసింది, 2024 అక్టోబరులో 3,396 షాపులు లాటరీ తీసి ప్రైవేటుకి ఇచ్చారు. దరఖాస్తుకి 2 లక్షలు, తిరిగి రాదు, అయినా 90 వేల దరఖాస్తులకి దగ్గరగా వచ్చాయంటే ఆ లైసెన్సు విలువ ఎంతో ఊహించుకోండి. షాపుల సంఖ్య మీద పరిమితి పెట్టినంతకాలం అది సగం ప్రైవేటే.

ఇంటి పన్ను, చెత్త పన్ను, రిజిస్ట్రేషన్ల సంగతి?

చెత్త పన్ను 2021లో పెట్టారు, 2024 చివర్లో ఎత్తేశారు. మంచిదే, కానీ చెత్త బండికి డీజిలు ఎవరో ఒకరు పోయాలి, ఇప్పుడది మున్సిపాలిటీ మీద పడింది. ఇంటి పన్ను 2021 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద లెక్కిస్తున్నారు, ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి ఉంది. నిజం చెప్పాలంటే ఇంటి పన్ను నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపించే పన్ను. కట్టినవాడికి వీధి లైటు కళ్ల ముందే ఉంటుంది, వెలగకపోతే కౌన్సిలరు ఇల్లు తెలుసు.

రిజిస్ట్రేషన్ అలా కాదు. స్టాంపు 5, బదలాయింపు 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. 20 లక్షల స్థలానికి లక్షన్నర. అందుకే జనం విలువ తగ్గించి రాయించి మిగతాది చేతిలో పెడతారు. రేటు ముట్టుకోకుండా పన్ను పెంచే ఉపాయం కూడా ఉంది, మార్కెట్ విలువలు సవరిస్తే చాలు, 2025 ఫిబ్రవరిలో చేసిందదే. రేటు 4కి దించి విలువని ఉన్నది ఉన్నట్టు రాయించుకుంటే ఖజానాకీ నష్టం రాదని నా నమ్మకం. అమ్మేవాడికీ కొనేవాడికీ అబద్ధం చెప్పే పని తప్పుతుంది.

తమిళనాడులో ప్రభుత్వం పెద్దదే కదా, అక్కడ ఫ్యాక్టరీలు ఎలా ఉన్నాయి?

దేశంలోనే ఎక్కువ ఫ్యాక్టరీలు వాళ్లవే. ఉచిత పథకాలూ అక్కడే పుట్టాయి, రేషనూ, మధ్యాహ్న భోజనమూ, ఆసుపత్రులూ బాగా నడుస్తాయి. చిన్న ప్రభుత్వం వాదానికి ఇది గట్టి ఎదురుదెబ్బ. ఎవరు గెలిచినా పరిశ్రమల విషయంలో వాళ్లు పెద్దగా దారి మార్చరు. మన దగ్గర ప్రభుత్వం మారితే ఒప్పందాలు తిరగదోడతారు, భోగాపురానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది, 2019లో ఒకటి, 2023లో ఒకటి. కొబ్బరికాయలకి కొరత లేదు.

పన్ను గొడవలు ఇప్పటివేనా?

1794 జూలై 10న పద్మనాభంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో చనిపోయింది కప్పం బకాయిల గొడవతోనే. ఇప్పుడు నోటీసుతో పోతోంది.

పన్నులు తగ్గితే వలసలు ఆగుతాయా?

పన్నుల వల్ల ఆగవు. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి 2018లో పాకిస్తాన్‌కి చిక్కారు, 2020 జనవరిలో గానీ ఇళ్లకి రాలేదు. వాళ్లు పోయింది పన్ను ఎక్కువై కాదు, ఇంత తీరం ఉండీ పెద్ద బోటు కట్టుకునే హార్బరు లేక. కానీ బొబ్బిలిలో కొలిమి ఆరిపోతే అక్కణ్ణుంచి కదిలే మనిషి సంగతి వేరు, అతను పోయేది అక్షరాలా ఒక ఉత్తర్వు వల్ల.

సరే, ఓటు అడగడానికి వచ్చినవాణ్ని ఏమడగాలి?

'పన్ను తగ్గిస్తావా' అని మాత్రం అడక్కండి, అందరూ తలూపుతారు. కరెంటు సుంకం ఐదేళ్లు మార్చబోమని రాసిస్తారా అని అడగండి. పెట్రోలు మీద 4 రూపాయలు ఎప్పటికి తీస్తారో, దాని బదులు ఏ ఖర్చు ఆపుతారో పథకం పేరుతో సహా చెప్పమనండి. చిన్న పరిశ్రమలకి రావాల్సిన రాయితీ బకాయి మన జిల్లాలో ఎంతుందో, ఎన్నాళ్లకి ఇస్తారో అడగండి. ఆఖరిది చాలామంది అభ్యర్థులు విని ఉండరు, పక్కనున్న కార్యకర్త వైపు చూస్తారు. అంకె చెప్పేదాకా పక్కింటికి కదలనివ్వకండి.